ఐస్‌క్రీం డబ్బా

స్నానాల గది మార్పించినప్పుడు
పాత తొట్టిని పారెయ్యబుద్ధి కాలేదు.
మామిడిచెట్టు కింద గొయ్యి తవ్వి దింపాడు వాలెస్.
పెచ్చులూడిన చోటల్లా నాచు పట్టింది,
మిగతా పని వాన చూసుకుంది.
చేపలు వద్దనుకున్నాం.
కప్పలు మమ్మల్నేమీ అడగలేదు.

మొదట వచ్చింది ఒక టక్.
కాసేపాగి ఇంకో టక్.
పక్కింటి మెర్విన్ నలభై ఏళ్లు
టెన్నిస్ రాకెట్లకు తీగలు బిగించిన మనిషి.
కంచె మీంచి తల పెట్టి అన్నాడు:
"రాత్రంతా ఎవడో బంతి కొడుతున్నాడు,
అవతలివాడు ఒక్కసారీ తిప్పి కొట్టడు.
నిద్రెలా పడుతుంది నాకు?"

బక్కెట్లో పట్టుకెళ్లి వాగులో వదలమన్నాడు.
కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే లియోనీ అనే ఆవిడ
చట్టం ఒప్పుకోదంది,
కప్ప కూడా ఒప్పుకోదంది,
మెర్విన్‌ని కిటికీ మూసుకోమంది.
ఆ చివరి మాట చేరవెయ్యలేదు నేను.
మామిడికాయ చట్నీ సీసా ఒకటి ఇచ్చొచ్చాను.

నవంబరు చివర్లో కొత్త గొంతు కలిసింది.
టక్ అంటే, ఆగి, బొంక్.
టక్. బొంక్.
"హమ్మయ్య," అన్నాడు మెర్విన్ కంచె మీంచి,
"ఇన్నాళ్లకి ఆట మొదలైంది."

తర్వాత ఉరుములు. ఉరుములతో పాటు చెరకు కప్పలు.
చెరకుని తినే పురుగుల్ని ఇవి తింటాయని
ఎప్పుడో ఓడెక్కించి తెచ్చారట క్వీన్స్‌లాండ్‌కి.
పురుగు గడ పైన, కప్ప నేల మీద.
రెండూ కలుసుకుంటే కదా!

పోల్చుకోవడమెలాగో లియోనీయే చెప్పింది.
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను:
కంటి పైనుంచి ముక్కుదాకా ఎముక గట్టు.
భుజాల వెనక ఉబ్బిన విషపు తిత్తులు.
దూరాన మోటారు ఆపడం మరిచిపోయినట్టు గొంతు.
గుడ్లు, జిగురు దారానికి గుచ్చిన నల్లపూసలు.
మనవైతే నురగ,
తెల్లసొన గిలక్కొట్టి ఎవరో పనిమీద వెళ్లిపోయినట్టు.

నల్లపూసల దండలు పుల్లతో ఎత్తి
సిమెంటు మీద ఎండకు పరిచేదాన్ని.
పెద్దవాటికి చేతికి గ్లోవులు, ఐస్‌క్రీం డబ్బా,
ఒక రాత్రి ఫ్రిజ్‌లో, ఆ తర్వాత ఫ్రీజర్‌లో,
బఠాణీలకీ రొయ్యలకీ మధ్య.
చలికి నిద్రలోనే పోతాయంది లియోనీ.
వెనీలా అని రాసున్న మూత ఒకసారి వాలెస్ తీశాడు, చెంచా పట్టుకుని.
ఆ ఆదివారం ఇంకేమీ తినలేదు.

ఒక రాత్రి టార్చి వెలుగు చచ్చి పసుపైపోయింది.
వాన.
తొట్టి అంచున బరువుగా, గోధుమ రంగులో,
ఒళ్లంతా బొడిపెలతో ఒకటి.
అప్పటికి పదకొండు పట్టాను.
పన్నెండోదాని మొహం ఎవరు చూస్తారు?

మూడోనాడు డబ్బా ఖాళీ చేస్తుంటే అది వెల్లకిలా పడింది.
తొడల మొదట, పక్కల పొడవునా, ఎరుపు.
మందారం రేకు లోపల దాచుకుని తిరిగినట్టు.
కళ్ల మీద వేలితో తడిమాను.
గట్టు లేదు.
బిల్లు తెచ్చి చదివాను.
చివరి వరుస, నా చేతిరాతే:
పక్కలు ఎర్రగా ఉంటే వదిలెయ్.

"చూసుకోలేదు, అంతేగా," అన్నాడు వాలెస్.
అంతే.

ఇప్పుడు కొత్త టార్చి కొన్నాను.
తొట్టి చుట్టూ మోకాలెత్తు జాలీ కట్టాం,
చెరకు కప్ప అంతెత్తు ఎగరలేదు,
ఎక్కడం దానికి చేతకాదు.
పురుగులు చేరకుండా వరండా దీపం ఆర్పేస్తాను.
దొరికినదాన్ని ముందు మొహం చూస్తాను,
తర్వాత పక్కలు, తర్వాత మళ్లీ మొహం.
పొరుగావిడ వరస చూస్తున్నట్టు
అదీ నన్ను చూస్తుంది.

నిన్న రాత్రి టక్.
చాలాసేపు ఏమీ లేదు.
టక్.
కంచె అవతల చీకట్లో మెర్విన్ కుర్చీ కిర్రుమంది.
"ఏడీ రెండోవాడు?" అన్నాడు.
"అలిగి వెళ్లిపోయాడా?"

డబ్బా ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది.
ఎక్కడ పాతిపెట్టాలో తేలక.
"వానలు ఇంకా ఉన్నాయిగా మెర్విన్," అన్నాను.
అతను కిటికీ మూసుకోలేదు.