ముందు సున్నా

బొగ్గి తెల్లకుక్క.
జ్ఞానాపురంలో తెలుపు ఎంతసేపు నిలుస్తుంది?
కిటికీ గట్టు మీద వేలితో రాస్తే పేరు పడే పేట మాది,
పొద్దున్న తుడిచిన పళ్లెం మధ్యాహ్నానికి నలుపు.
అందుకే ఆ పేరు. మా సన్యాసమ్మ పెట్టింది, నవ్వుతూ.

పోర్టు రోడ్డులో లారీ కాటా దగ్గర నా ఉద్యోగం.
బండి ఎక్కుతుంది, అంకె రాస్తాను.
దిగి, సరుకు దించుకుని మళ్లీ వస్తుంది, మళ్లీ రాస్తాను.
ఇరవై ఆరేళ్లలో నేర్చుకున్నది ఒకటే:
ఖాళీ బండి ఎంతో తెలియకుండా
సరుకు ఎంతో చెప్పకూడదు.

ఆ పాత డాక్టరు బొగ్గిని కాటా ఎక్కించలేదు.
కుర్చీలోంచే ఓ చూపు చూసి
"పన్నెండు కేజీలుంటుందిలే" అన్నాడు.
ఆ "లే"ని బట్టే సూదిమందు ఎక్కింది.
"ఏం కాదు, తీసుకెళ్లండి" అన్నాడు.
నాకు నోరు పెగల్లేదు.
తెల్లకోటు ముందు
కాటా గుమస్తా ఏటి మాటాడతాడు?

మూడోనాడు తెల్లారగట్ల
నీళ్ల గిన్నె పక్కనే.
మూతి తడి ఇంకా ఆరలేదు.

దానివల్లే పోయిందని నేననలేను.
కాదనీ అనలేను.
ఆ మధ్యనున్న తేడా తూచే కాటా
నాకింతవరకూ దొరకలేదు.
పద్నాలుగు నెలలు ఏ వీధికుక్కకీ
బిస్కెట్టు ముక్క వెయ్యలేదు.

ఇదిగో, ఇది సాలూరు లారీ కిందనుంచి వచ్చింది.
తుఫాను వాన. పిడికెడంత ప్రాణం, డప్పులాంటి కడుపు.
గోనెసంచిలో చుట్టాను,
పెంచడానికి కాదు, వాన తగ్గేదాకా.
వాన తగ్గింది.
దగ్గు తగ్గలేదు.

కంచరపాలెం మెట్టు దగ్గర ఎవరో కొత్తగా తెరిచారట,
చిన్నపిల్లట, డాక్టర్ హేమసుందరి.
రెండుసార్లు గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చేశాను.
తాళం ఉందని ఇంట్లో చెప్పాను.
తాళం లేదు.
మూడోసారి సన్యాసమ్మ వెంటే వచ్చింది.

ఆ మందుల వాసన తగలగానే వణికింది నా చేతులే.
అదేమో నా చొక్కా బొత్తాం నములుతోంది.
సీసా మీద తారీఖు అడిగాను. చూపించింది.
ఎక్కడ చదివావమ్మా అన్నాను. గరివిడి అంది.
నీ చేతిలో ఇంతవరకూ ఎన్ని పోయాయి అన్నాను.
సన్యాసమ్మ జబ్బ గిల్లింది.
ఆ పిల్ల చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగి
"పదకొండండి" అంది.
కుళాయి కట్టడం మరిచిపోయింది.

తర్వాత కాటా ముందుకి లాగింది.
పళ్లెం మీది వెంట్రుకలు గుడ్డతో తుడిచింది.
ఉత్త తువ్వాలు పరిచింది.
అంకె ఊగి ఊగి ఆగేదాకా చూసి
మీట నొక్కింది.
సున్నా.
అప్పుడు చాపింది చేతులు, "ఇలా ఇవ్వండి."

ఎప్పుడిచ్చానో గుర్తులేదు.
తువ్వాలు మీద కూర్చుని ఉంది అది,
రెండు కేజీల మూడొందల నలభై.

"బతుకుద్దా?" అన్నాను.
"ఇప్పుడే తెలీదండి. రక్తం చూడాలి."
తెలీదన్న మాట డాక్టరు నోట
వినడం నాకదే మొదలు.
కార్డు మీద పేరు దగ్గర కలం ఆపి నావైపు చూసింది.
నేను గోడ మీది కేలండరు చూశాను.
చిన్న గీత గీసి వదిలేసింది.

"రాత్రి ఏ వేళైనా ఫోన్ చెయ్యండి" అంది.
అందరూ అనేదే అది.

నైట్ డ్యూటీ. నా కాళ్ల దగ్గర గోనె మీద
అది సన్నగా గురక పెడుతోంది.
అవసరం ఏమీ లేదు. అయినా
రెండూ పదికి నంబరు నొక్కాను.
నాలుగో మోతకి ఎత్తింది, గొంతునిండా నిద్ర.
"చెప్పండి బాబాయ్, నీళ్లు తాగిందా?"
"తాగిందమ్మా."
"ఇంకేటి?"

ఇంకేమీ లేదు.
ఏమీ లేదని చెప్పడానికి
నాకు కాసేపు పట్టింది.
బయట కాటా మీద లారీ హారన్ కొడుతోంది.
కొట్టనీ.