డొల్ల పలక

రుస్తావీలో, ఐదో అంతస్తులో, మా వంటగదికి
మూలమట్టం పెట్టి చూస్తే ఒక్క మూలా కుదరలేదు.
కిటికీ గోడ మూడు వేళ్ళు పక్కకు తప్పుకుని ఉంది,
ఫోటోకి నిలబడమంటే సిగ్గుపడ్డ పిల్లలా.
ఇరవై రెండేళ్ళు ఇక్కడే బంగాళాదుంపలు చెక్కాను,
ఎప్పుడూ గమనించనే లేదు.

"పలకలు తిన్నగానే పరువు,
వంకరంతా ఫ్రిజ్ వెనక్కి తోసెయ్యి"
అంది కొట్టులో బిల్లు రాసే అమ్మాయి.
మేస్త్రీ అడిగిన కూలికి
ఇంకో నలభై పలకలొస్తాయి.
అందుకని నేనే దిగాను,
బస్సు డిపోలో టికెట్ల లెక్క చూసే మాక్వాలాని,
పాత దిండు చింపి మోకాళ్ళకు కట్టుకుని.

లినోలియం లేపితే జిగురు.
జిగురు కింద ఇంకో జిగురు.
దాని కింద ఒక అగ్గిపుల్ల, వెలగనిది.

సిమెంటు మాలు గట్టి పెరుగంత చిక్కగా కలిపి
పళ్ళ తాపీతో లాగాను. తడి జుట్టుకు దువ్వెన పెట్టినట్టు గీతలు పడ్డాయి.
ఒక పలక, పక్కన కూడిక గుర్తులాంటి ప్లాస్టిక్ ముక్క,
మళ్ళీ పలక. రసమట్టంలో బుడగ
అటూ ఇటూ ఊగి
నా మాట వినాలా వద్దా అని ఆలోచిస్తోంది.
రబ్బరు సుత్తితో నెమ్మదిగా తట్టాను.

గోడలకు చెవులుంటాయంటారు.
మా ఇంట్లో చెవి నేలకుంది. దాని పేరు ఒతారీ.
నేను రెండు తడితే కింద నుంచి చీపురు కర్ర మూడు.
ఎనిమిదేళ్ళ కిందట నా పైపు కారి
ఆయన పైకప్పు మీద ఒక దేశపటం గీసింది.
అప్పట్నుంచీ మెట్ల మీద ఎదురైతే
నాతో కాదు, రెయిలింగుతో మాట్లాడతాడు.

మూడోరోజు తలుపు కొట్టాడు.
చెప్పులు బయట విడిచాడు. తిట్టలేదు.
చంకలోంచి సన్నటి పొడుగు కాడ సుత్తి తీశాడు.
గూడ్సు బళ్ళ చక్రాలను తట్టి, విని,
పగులుందో లేదో చెప్పిన ముప్పై ఏళ్ళ ఉద్యోగం దాని కాడ మీద నున్నగా అరిగి ఉంది.

వంగి, ఒక్కో పలకనీ అడిగాడు.
ఖణ్. ఖణ్. ఖణ్.
నేను ఊపిరి బిగబట్టాను, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టే.
కిటికీ దగ్గర, రెండో వరసలో:
డొబ్.

"డొల్ల" అన్నాడు.
"నిన్న పెట్టింది, గట్టిపడిపోయింది" అన్నాను.
"చక్రమైతే బోగీ విప్పించేవాణ్ణి."
ఇంకోసారి తట్టాడు, చెవి వంచి.
"సర్లే, ఇదెక్కడికీ పోయేది కాదుగా."

టీ తాగాడు. దానిమ్మ గింజలు నాలుగు నోట్లో వేసుకున్నాడు.
పైపు ఉన్న మూలకేసి చూశాడు. నేనూ చూశాను.
ఎవరమూ ఏమీ అనలేదు.

కూడిక గుర్తులన్నీ పీకేశాక మిగిలినవి సందులు.
బూడిదరంగు పూతతో నింపి
స్పాంజితో తుడిచి, తుడిచి, మళ్ళీ తుడిచి
రాత్రి రెండింటికి గుమ్మంలో కూర్చున్నాను.
నేల మెరవలేదు. మబ్బుగా ఉంది.
అయినా నాది.

ఆ పలక మార్చలేదు.
ఐదున్నరకి కిటికీ రెక్క తీయాలంటే
దానిమీద కాలు పడాల్సిందే. డొబ్.
కాసేపటికి కింద కెటిల్‌లోకి నీళ్ళు పట్టిన చప్పుడు.

మొన్న చెల్లెలి దగ్గరికి తెలావీ వెళ్ళి వచ్చేసరికి
తలుపు కింద ఒక చీటీ:
"రెండు రోజులుగా వినబడలేదు.
పైపు కారడం లేదు కదా?"