పడిన వేళల పుస్తకం

నేను పాఠం చెప్పినవాణ్ణి కాదు.
తిమిషోవారాలో, కాలువ పక్క ప్రయోగశాలలో
ఇరవై తొమ్మిదేళ్లు బేరింగులకు నూనె వేసినవాణ్ణి.
వెతూరియా మేడమ్ గురించి నన్నడిగితే
ముందు నూనె వాసనే గుర్తొస్తుంది.

ఆమె వచ్చిన ఏడు మా దగ్గర రోబో అన్నదే లేదు.
ఒక కుట్టుమిషన్ మోటారు, తెగిన సైకిల్ గొలుసు,
మిలటరీ తుక్కులో ఏరుకొచ్చిన రెండు పొటెన్షియోమీటర్లు.
వాటితోనే పట్టా మీద పరుగెత్తే చిన్న బండి చేశాం,
బండి మీద మీటరు పొడవు అల్యూమినియం కడ్డీ,
తలకిందులుగా నిలబడాల్సిన లోలకం.

"అరచేతిలో కర్ర నిలబెట్టే పిల్లాణ్ణి చూశావా, గవ్రిలా?
వాడు కర్ర మొదలు చూడడు, కొస చూస్తాడు.
ఎటు ఒరిగితే అటే చెయ్యి పోనిస్తాడు.
నా పాఠమంతా అంతే.
మిగతాది లెక్కలు."

మిగతాది గోడ నుంచి గోడ దాకా లెక్కలు.
కోటు మోచేతుల దగ్గర సుద్దపొడి,
ఎన్నిసార్లు ఉతికినా పోని తెలుపు.

ఆ చలికాలాల్లో సాయంత్రం కరెంటు చెప్పకుండా పోయేది.
చీకట్లో టక్కుమని ఒక్క చప్పుడు.
కడ్డీ పడింది.
ఆమె అగ్గిపుల్ల గీసి, వేళ్లు కత్తిరించిన చేతితొడుగులతో
నీలం అట్ట నోటుబుక్కులో వేళ రాసుకునేది.
ఎందుకని నేనడగలేదు.

డెల్ఫ్ట్ నుంచి ఎవరో ఆమె వ్యాసం మెచ్చుకుని రాశారు.
ఉత్తరం ఎనిమిది నెలలకు చేరింది,
ఎవరో విప్పి, మళ్లీ అతికించి,
జిగురు ఇంకా ఆరకుండానే.
రమ్మన్న సదస్సు అప్పటికే ముగిసింది.
ఆమె బోర్డు మీద ఒక ఊగే గీత గీసింది.
"కబురు ఆలస్యమైతే
పట్టుకోవాల్సిన చెయ్యే తోసే చెయ్యి అవుతుంది.
నిన్నటి ఒరుగుడికి ఇవాళ మందు వేస్తే
కడ్డీ ఊగి ఊగి పట్టా దాటిపోతుంది."
కడ్డీ గురించే అన్నదో, మరి దేని గురించో.
తలుపు అవతల వినేవాళ్లుండే రోజులు.
నేను మోటారు ఆన్ చేశాను, చప్పుడు కోసం.

ప్రొఫెసర్ పదవి పదమూడేళ్లు ఆమె పక్కనుంచే నడిచిపోయింది.
ఆమె సంతకం పెట్టని కాగితం ఒకటుందనేవారు.
ఆ తర్వాత ఆ డిసెంబరు వచ్చింది. అద్దాలు పగిలాయి.
లివియు అని మా కుర్రాడు
రొట్టె తెస్తానని వెళ్లి వీధిలోంచి తిరిగి రాలేదు.
వాడు సోల్డరింగు సగంలో వదిలిన బోర్డును
ఆమె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

పదేళ్లకు డబ్బులొచ్చాయి. జర్మనీ చేతులొచ్చాయి,
ఆరు కీళ్లవి, నారింజరంగువి,
గుడ్డు పగలకుండా పట్టుకునేవి.
పిల్లలంతా వాటి చుట్టూ మూగారు.
ఆమె మాత్రం మొదటి ఏడాది వాళ్లకు
అదే బండి, అదే కడ్డీ.
"ఇది పడిపోతూనే ఉంది, మేడమ్" అని ఒకమ్మాయి విసుక్కుంటే,
"పడనిదానికి మనమెందుకమ్మా,
దాన్ని గోడకు ఆనించి ఇంటికి పోవచ్చు" అంది.

చివరి రోజు పూలగుత్తులు, ప్రసంగాలు.
డీన్‌గారి మైకు కీచుమని కూతపెట్టింది.
అందరూ చెవులు మూసుకున్నారు.
ఆమె నా వైపు వంగి,
"గెయిన్ తగ్గించమను" అని గుసగుసలాడింది.
వెళ్తూ వెళ్తూ నీలం నోటుబుక్కు నా చేతిలో పెట్టింది.

ఇంట్లో తెరిచాను.
తేదీ, వేళ, పడింది.
తేదీ, వేళ, పడింది.
ఎంతసేపు నిలబడిందో ఒక్కచోటా లేదు.
డిసెంబరు పేజీలో ఒకచోట వేళ మాత్రం ఉంది,
పక్కన ఏమీ రాయలేదు.
దాని కిందే, ఆ వారంలోనే, మళ్లీ
తేదీ, వేళ, పడింది.

వెనక అట్ట మీద బొటనవేలంత నూనె మరక.
అది నాదే.