పదో పిన్ను

రేణిగుంట రోడ్డు మాల్‌లో, మూడో అంతస్తులో,
ఆరు లేన్ల చివర గోడకవతల
చెంగల్రాయుడు ఉంటాడు.
ఇవతల ఏసీ, పాటలు, అద్దె బూట్లు.
అవతల గ్రీజు, ఉక్క,
రేకుల మీద టెంకాయలు దొర్లినట్టు చప్పుడు.

బంతి తగలగానే యంత్రం వంగుతుంది.
నిలబడినవాటిని మెడపట్టి పైకెత్తి
పడినవాటిని ఊడ్చేస్తుంది.
"మా చెరుకు గానుగే మేలబ్బా,
దానికి ఏదైనా ఒకటే పిప్పి" అంటాడు.

మూడో లేన్‌కి బెల్టు తెగితే
చెన్నై నుంచి రావాల, పదిరోజులన్నారు కంపెనీవాళ్లు.
పాత లూనా ట్యూబు కోసి బిగించినాడు.
ఆర్నెల్లాయె, తిరగతానే ఉండాది.

నిన్న రాత్రి కెమెరా కన్ను పొరబడింది.
ఊగి, ఊగి, నిలదొక్కుకున్న పదో పిన్నును
పడిందని రాసేసింది.
తెరమీద టపాసులు పేలినాయి.
కాళ్లకు రెండు సైజులు పెద్ద బూట్లతో
ఒక పాప గంతులేస్తా ఉంది.

ఇంత అబద్ధం తెలిసింది ఒక్కడికే.
రీసెట్ బొత్తాం మీద వేలు పెట్టినాడు.
తీసేసినాడు.
యంత్రం మళ్లీ కిందికి దిగేలోపు
మూలనున్న చీపురుకట్ట అందుకుని
ఆ పిన్నును మెల్లగా తోసేసినాడు.

"లెక్క సరిపోయింది, పో" అన్నాడు
యంత్రంతో.