ఎడమ గట్టు

కుర్చీలు రెండొందలు చెప్పిన్రు, వచ్చినయి నూటముప్పై.
షామియానా కింద పదును ఆరలేదని
రైసు మిల్లు నుంచి ఊక తెచ్చి పోసిన్రు.
నేను వరంగల్ ఆఫీసు నుంచి వచ్చిన
కాంట్రాక్టు స్టెనోను.
మైకులో ఎవరేమంటే అది రాసుడు,
నడుమ ఎవరన్న ఏడిస్తే
చుక్కలు పెట్టుడు
నా పని.

బల్ల మీద నివేదిక:
పన్నెండొందల పేజీలు ఇంగ్లీషు,
పద్నాలుగు పేజీలు తెలుగు.
ఆ పద్నాలుగింట్ల వాగు పేరు మూడు తీర్ల ఉంది,
చిలకలవాగు, చిల్కల వాగు, ఒక్కచోట చికాల వాగు.
"జలచరములు: సామాన్యమైనవి."
పొద్దున జీపు ఆగినప్పుడు
బండ మీద ఒక నీటికుక్క
చేపను తలకాయ నుంచి తింటుంటే చూసిన.
నన్ను చూసి కూడా తినుడు ఆపలే.
సామాన్యమైనదే కావొచ్చు.

మొదలు మైకు తాటికంటి ఓదెలుది.
"కట్ట రేపు కాదు సారు, ఇయ్యాల్నే పొయ్యాలె.
ఆ ఏడు పెద్దపుష్యాలల్ల నడిజాముకు నీళ్లొచ్చినయి.
మా అవ్వను వడ్ల గుమ్మి మీద కూసోబెట్టి
నేను దర్వాజ పట్టుకొని నిలవడ్డ.
తెల్లారింది.
గుమ్మి ఉంది."
చుక్కలు పెట్టిన.
చాలాసేపు చుక్కలే పెట్టిన.
ఆయన తర్వాత పదకొండు మంది
కట్ట కావాలన్నరు. నేనైనా అదే అందును.

ఎడమ గట్టు నుంచి ఎవరూ రాలే.
రెండు రోజుల ముసురుకు లోలెవల్ వంతెన మునిగింది.
వరద ఆపే పనికి సభ,
సభకు రాకుంట వరద.
ఈ మాట ఎవరో నవ్వుకుంట అన్నరు.
రాయొద్దని ఆఫీసరు సైగ చేసిండు.

పన్నెండున్నరకు, పులిహోర పొట్లాలు పంచేటప్పుడు,
ఒకామె వచ్చింది.
ఈసం ముత్తక్క, ఎదుళ్లగూడెం.
పైన బ్రిడ్జి దాకా నడిచి, ఆటో ఎక్కి, బస్సు మారి
నలభై ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగి,
ఎదురుంగ కనబడే ఊరి నుంచి.
మైకు అప్పటికే విప్పిన్రు.
ఉత్త నోటితోనే అడిగింది:
"ఈ దిక్కు కట్ట పోస్తే నీళ్లు ఎటు పోవాలె?"

ఇంజనీరు మంచోడే. విసుక్కోలే.
"లెక్క ప్రకారం మీ దిక్కు నలభై సెంటీమీటర్లు
పెరుగుతయమ్మా, అంతే."
"నలభై అంటే?"
ఆయన రెండు చేతులు చాపి చూపిండు,
ఒకటి కింద, ఒకటి మీద.
ఆమె తన చేతులు ఆయన చేతుల పక్కన పెట్టి
ఆ ఎడం కొలుచుకున్నది.
ఇగ చేతులు దించలే.
వంగి, కింది చెయ్యి ఊకకు తాకిచ్చి,
మీది చెయ్యికి ఏమేం అందుతయో చూస్తున్నట్టు
"పొయ్యి పోతది" అన్నది.
"కోళ్ల గూడు పోతది.
పసిపోరడు పండే నులకమంచం..."
మంచం దగ్గర చెయ్యి కొంచెం మీదికి జరిగి,
మళ్ల కిందికి వచ్చి,
ఆగింది.

నేను కలం పట్టుకొని కూసున్న.
షార్ట్‌హాండ్‌లో అన్ని శబ్దాలకు గుర్తులున్నయి.
రెండు చేతుల నడుమ జాగకు లేదు.

సాయంత్రం ఫారం నింపేటప్పుడు అడిగిన,
ఎడమ గట్టు గడిలో ఏం రాయాలె సార్?
"అభ్యంతరాలు లేవు అని రాయి.
ఆమె అడిగింది ప్రశ్న కదమ్మా,
అభ్యంతరం కాదు."
నిజమే. వాక్యం చివర ప్రశ్న గుర్తు పెట్టింది నేనే.

ఆ జాగను కాగితం మీద అట్లనే ఖాళీగ వదిలేద్దామని
స్కేలు పెట్టి చూసిన.
కాగితమే ముప్పై సెంటీమీటర్లు.

అనుమతి మాఘంల వచ్చింది,
ముప్పై ఒక్క షరతులతోని.
పంతొమ్మిదోది: ఎడమ గట్టున
మూడు వేల కానుగ మొక్కలు నాటవలెను.
వాగు పేరు దాంట్ల నాలుగో తీరుగ ఉంది.

ఆనాడు ఆమె తిరిగి పోతుంటే చూసిన.
సంచి భుజానికి వేసుకొని
బస్సు ఆగే కాడి దాక
రెండు చేతులూ అట్లనే పట్టుకొని నడిచింది,
నడుమ ఉన్నదేదో
ఒలికిపోతదన్నట్టు.