చెవి ఖరీదు

పింగాణీని ముందుగాల చూడొద్దు, వినాలె.
గోటితోని కొడితె
గంట లెక్క సాగితె సరుకు,
టక్కున ఆగితె లోపల ఎక్కడ్నో నెర్రె.
కొనేటప్పుడు పగులు చూపియ్యాలె,
అమ్మేటప్పుడు పగులుకు కథ చెప్పాలె.
మట్టెవాడల మా నాయిన దుకాణంల
నాకు వచ్చిన సదువు గింతే.

కాజీపేట రైల్వే క్వార్టర్ల ఎనుక
రోజమ్మ గడంచె మీద పాత పేపరు పరిచి
ఒక్కొక్కటే పెట్టింది.
గార్డు దొరసాని పోతపోత ఇచ్చిపోయినయట.
గుడ్లు దాసే కోడిపెట్ట గిన్నె,
గుడ్లగూబలు రెండు:
ఒకదాని నెత్తిల మూడు బొక్కలు, ఉప్పుకు,
ఇంకోదానికి ఒక్కటే, మిరియాల పొడికి.
ఆఖరుకు ఆవు.

అరచెయ్యంత ఆవు.
వీపు మీద మూత, మలుసుకున్న తోకే పిడి,
వంచితె నోట్లకెల్లి పాలు.
"మొదటి దినం నవ్వాపుకోలేక
ట్రే ఆడ్నే పెట్టి వంటింట్లకు ఉరికిన.
గిది పాలిచ్చుడా, కక్కుడా?" అన్నది రోజమ్మ.
ఇరవై రెండేండ్లు, పొద్దు పొద్దున,
ఆమె చేతులనే కక్కింది.

బోర్ల తిప్పి చూసిన.
అడుగున నీలం ముద్ర, సగం అరిగింది.
పొట్టల పాలమరక, చాయ రంగుకు తిరిగింది.
మూతకు పగులు లేదు.
ఎడమ చెవి లేదు.

"గుడ్లగూబలకు మూడు నూర్లు, కోడికి ఐదు.
ఆవుకు పన్నెండు నూర్లు ఇద్దునమ్మా,
చెవి పోయింది గద,
నాలుగు నూర్లు కోస్త" అన్న.

రోజమ్మ కొంగుతోని చేతులు తుడుసుకున్నది,
తడేం లేకున్నా.
"ఒక్క చెవికి ఎన్నిసార్లు కోస్తరయ్యా?
అది నా చేతులనే విరిగింది.
నెలకు నలభై అయిదు ఇచ్చే కాలం,
అండ్ల పదిహేను పట్టుకున్నరు."

గూట్లకెల్లి నస్యం డబ్బా తీసింది.
లోపల దూది.
దూదిల చెవి,
గోరంత, లోపలి దిక్కు గులాబి రంగు.

నా యాపారం బుర్ర ఆగుతదా?
అతుకు కనపడకుంట పెడితె రెండు వేలు.
హైదరాబాదుల గీసొంటియి
అద్దాల బీరువల పెట్టుకొని
ఒక్కనాడు గుడ పాలు పోయనోళ్లు శానమంది.
"చెవి గుడ ఇయ్యి, పదహారు నూర్లు" అన్న.

డబ్బా మూత పడ్డది.
"ఆవు వాళ్లిచ్చింది, తీస్కపో.
చెవి నేను కొన్నది."

అవుతల గూడ్సు బండి పోతాంది,
మాట ఇనరాదు.
అది మొత్తం పోయేదాక నిలబడి
పన్నెండు నూర్లు లెక్కపెట్టి ఇచ్చిన.
ఎందుకిచ్చిన్నో మా నాయినకు చెప్పలేదు.

మొగిలి, నా పనోడు,
సుద్దతోని చెవి చేస్త, రంగేస్త అంటడు.
వద్దన్న.
ఆవు ఇంక షెల్ఫు మీదనే ఉన్నది.
గిరాకులు అడుగుతరు, చెవేదని.
కాజీపేటల ఉన్నది, అంట.
తెస్తవా, అంటరు.
అమ్ముతలేరు, అంట.