మూడో నంబరు విమానం

హ్యాంగరు చివర, మోకాళ్ళ దాకా మంచులో దిగబడి
మూడో నంబరు నిలబడి ఉంటుంది.
దానికి ఇంజన్లు లేవు.
కిందటి మార్చిలో ఒకటి, బెర్రీ పళ్ళ కాలంలో ఇంకొకటి
విప్పి రెండో నంబరుకు బిగించాం.
చక్రాలు ఐదో నంబరుకి.
పైలట్ కుర్చీ ఎటు పోయిందో గుర్తు లేదు,
రిజిస్టరులో ఉంటుంది.

రిజిస్టరు రాసేది నేనే. తుయారా అని సంతకం.
యాకూత్స్క్‌లో మైనస్ నలభై ఏడు పడిన పొద్దున
పెన్నులో సిరా గడ్డకడుతుంది.
చంకలో పెట్టుకుని వెచ్చజేసి రాస్తాను:
వచ్చినవి, లేవు. ఇచ్చినవి, పదకొండు.

చెక్ దేశం నుంచి రావాల్సిన రబ్బరు రింగు
ఒకప్పుడు ఒక పూట భోజనం ఖరీదు.
ఇప్పుడది ఇస్తాంబుల్ చుట్టి,
బిష్కెక్‌లో ఎవరి బావమరిది గోదాములోనో నిద్రపోయి
ఆవు ఖరీదుకి మా గుమ్మం తొక్కింది.
తీరా చూస్తే సైజు వేరు.

"మనది పెద్ద దేశం, తట్టుకుంటుంది"
అంటాడు మీటింగులో గెన్నాదీ లుకిచ్.
వెల్డింగు చేసే తాతారు రఫ్కాత్
పొద్దుతిరుగుడు గింజల తొక్క ఊసి ఊరుకుంటాడు.
పెట్రోలు పోసే ఒనిష్చెంకో
తాత ఉక్రెయిన్ నుంచి మోసుకొచ్చిన ఇంటిపేరును
ఈమధ్య సగం నోటితోనే చెబుతున్నాడు.
పెద్దది ఎలా తట్టుకుంటుందో
నన్నడిగితే చెప్పేదాన్ని,
నన్నెవరూ అడగలేదు.

తుముల్-ఆరీకి వారానికి రెండు విమానాలు వెళ్ళేవి.
మూడొందల గడప, ఒక ఆసుపత్రి, డాక్టరు లేడు.
ఇప్పుడు పక్షానికొకటి, వాతావరణం బాగుంటే,
రెండో నంబరు దగ్గకుండా ఉంటే.
పంటి నొప్పికి పదిహేను రోజులు ఆగాలి.
పురిటి నొప్పి ఆగదు.
జింకు పెట్టె మోసుకెళ్ళే విమానం మాత్రం
ఒక్కసారీ రద్దు కాలేదు.

మా అన్న కొడుకు ఐతాల్ అలాగే వెళ్ళాడు ఊరికి.
లెక్కల్లో మూడుసార్లు తప్పినవాడు.
వాడు కూర్చున్న బల్లకి వాడి ఫోటో అతికించి
బుద్ధిమంతుడు, చురుకైనవాడు అని రాశారు.
చచ్చినవాడి కళ్ళు చారెడు.
మా వదిన ఆ బల్ల కేసి చూడలేదు.
"వాడికి చేతి తొడుగులు పెద్దవైపోయేవి" అంది,
అంతే.

రాత్రిళ్ళు రేడియో వింటాను.
ఒకప్పుడు దాంట్లో రష్యన్ తప్ప వినపడేది కాదు.
ఇప్పుడు తుముల్-ఆరీ ఆడవాళ్ళు
పై ఊరి ఈవెన్ ఆడవాళ్ళని
పిండి ఉందా, పెన్సిలిన్ ఉందా,
నది గట్టిపడిందా అని అడుగుతుంటారు.
సఖాలో మొదలైన మాట ఈవెన్‌లో తెగుతుంది,
మధ్యలో రెయిన్‌డీర్ గంటలు.
మంచు మీద కొత్త బాట ఒకటి పడిందట,
మ్యాపులో లేదు.
విడిపోదామని ఎవరూ అనలేదు.
కలిసుందామనీ అనలేదు.
అప్పటికి మాస్కోలో ఇంకా మధ్యాహ్నం,
వాళ్ళు భోజనాలు చేస్తుంటారు.

ఈ పొద్దున గెన్నాదీ లుకిచ్ వచ్చి
మూడో నంబరు తలుపు కావాలన్నాడు.
నాకు తెలుసు,
ఆ తలుపు వెనక, సీట్ల స్పాంజి చీల్చుకుని,
కన్ను తెరవని నాలుగు పిల్లల్ని పెట్టుకుని
హ్యాంగరు కుక్క పడుకుని ఉంది.
తలుపు లేకపోతే తెల్లారేసరికి కర్రలైపోతాయి.

పదహారేళ్ళుగా ఈ రిజిస్టరులో
ఒక్క బోల్టు అబద్ధం రాయలేదు.
చంకలోంచి పెన్ను తీసి
తలుపు: వంగిపోయింది, పనికిరాదు
అని రాశాను.

రఫ్కాత్ చదివాడు.
చేతిలో ఉన్న సుత్తి తీసుకుని
బయటికి వెళ్ళాడు,
నా మాట నిజం చెయ్యడానికి,
కొంచెమే, మూయడానికి అడ్డం రాకుండా.